హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి ఒంటరిగా: చిన్న బైకా, బుల్లెట్టా, కారా, బస్సా?

కన్యాకుమారి దాకా రోడ్డు మీద వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది మైలేజీ గురించే. "అన్నా, వంద సీసీ బండి మీద పోతే పెట్రోలుకి ఎంతవుతుంది? బుల్లెట్ అయితే ఎంత?" అని. అడగడం సహజమే. జేబులోంచి ముందుగా, కళ్ళెదురుగా పోయేది పెట్రోలు డబ్బే కదా. నేను ఈ దారిలో చిన్న బైకు మీద ఒకసారి, 350 సీసీ బండి మీద ఒకసారి, కారులో ఒకసారి వెళ్ళొచ్చాను. మూడుసార్లూ రోజువారీ ఖర్చు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ మూడు చిట్టాలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇదీ: బండి మారితే పెట్రోలు ఖర్చు ఒక్కటే మారదు, బయట గడిపే రాత్రుల లెక్క కూడా మారుతుంది. మైలేజీ ఎక్కువ ఇచ్చే బండి మీద రోజుకి తక్కువ దూరం వెళ్తాం. తక్కువ దూరం వెళ్తే ఇంకో రూము, ఇంకో మూడు పూటల భోజనం, ఇంకో రోజు సెలవు. నలుగురు కలిసి వెళ్తే రూము అద్దె నాలుగు భాగాలవుతుంది. ఒక్కరే వెళ్తే మొత్తం మీరే కట్టాలి.

అందుకే ఈ పోలికంతా రాత్రుల లెక్క చుట్టూ రాస్తున్నాను.

## ముందు దారి సంగతి

ఎన్‌హెచ్ 44 శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ముగుస్తుంది. దేశంలో అన్నిటికన్నా పొడవైన జాతీయ రహదారి ఇదే. మన వైపు నుంచి జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ, బాగేపల్లి దాటి బెంగళూరు. అక్కడి నుంచి హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, నామక్కల్, కరూర్, దిండిగల్, మదురై, విరుదునగర్, కోవిల్‌పట్టి, తిరునెల్వేలి. హైదరాబాద్ నుంచి దాదాపు 1,250 కిలోమీటర్లు. రానూపోనూ 2,500, అక్కడా ఇక్కడా తిరిగేది ఇంకో 200 కలిపి 2,700 అనుకోండి. కింద సొంత బండి మీద రానూపోనూ లెక్కలన్నీ దీని మీదే వేశాను.

రోడ్డు దాదాపు అంతా డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు, కొన్నిచోట్ల ఆరు లేన్లు. కాబట్టి "చిన్న బండి తట్టుకుంటుందా?" అన్న భయం అవసరం లేదు. రోడ్డు మంచిదే. మీ నడుం తట్టుకుంటుందా అన్నది చూసుకోవాలి.

## ఏ లెక్కన ఎంచుకోవాలి

మొదటిది, చెప్పాను కదా, ఎన్ని రాత్రులు బయట ఉంటారు అన్నది.

రెండోది, ఒక్కరే ఉన్నప్పుడు బండిని మీరే సంభాళించగలరా? నా 350 సీసీ ప్రయాణంలో జరిగింది చెప్తాను. పెనుకొండ దాటాక నీళ్ళు తాగుదామని రోడ్డు పక్కకి తీశాను. తారు అంచు దాటగానే కంకర. ఎడమ కాలు కింద పెట్టేసరికి జారింది, బండి మెల్లగా ఒరిగి పడుకుంది. వేగం ఏమీ లేదు, దెబ్బ కూడా తగల్లేదు. కానీ లేపుదామంటే లేవదు. వెనక బ్యాగు కట్టి ఉంది, హ్యాండిల్ పల్లం వైపుకి తిరిగి ఉంది, బూట్లు కంకరలో జారుతున్నాయి. రెండుసార్లు మోకాలి ఎత్తు దాకా లేపి వదిలేశాను. పెట్రోలు ట్యాంకు మూత సందులోంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పది నిమిషాలకి గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. "ఏమప్పా, దెబ్బలేమన్నా తగిల్నాయా?" అని అడిగి, కర్ర పక్కన పెట్టి, వెనక గ్రాబ్ రైల్ పట్టుకున్నాడు. ఇద్దరం కలిస్తే ఒక్క ఊపులో లేచింది. ఆయన రాకపోతే ఎంతసేపు నిలబడేవాణ్ణో. క్లాసిక్ 350 లాంటి బండి బరువు 195 కిలోలు. వంద సీసీ స్ప్లెండర్ బరువు 112 కిలోలు. ఆ 83 కిలోల తేడా షోరూములో తెలియదు, కంకరలో తెలుస్తుంది.

మూడోది అలసట, ముఖ్యంగా మధ్యాహ్నం నిద్ర. పక్కన మాట్లాడేవాళ్ళు ఉండరు. భోజనం తర్వాత రెండు నుంచి నాలుగు గంటల మధ్య తిన్నగా ఉండే రోడ్డు మీద కళ్ళు మూతలు పడతాయి. బైకు మీద గాలి కొడుతుంది కాబట్టి ఈ బాధ కొంత తక్కువ, ఏసీ కారులో చాలా ఎక్కువ.

నాలుగోది, ఆగాలనిపించినచోట ఆగే వీలు. అలంపురం గుళ్ళు, గుత్తి కోట, లేపాక్షి, ఇవన్నీ ఈ దారికి దగ్గర్లోనే ఉన్నాయి. వాటిని చూడకుండా వెళ్ళేదానికి రోడ్డు ప్రయాణం ఎందుకు?

ఇక ఇంట్లో ఏ బండి ఉంది అన్నది. ఈ ఒక్క ప్రయాణం కోసం కొత్త బండి కొనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. పది రోజుల ప్రయాణానికి మూడేళ్ళ ఈఎంఐ కట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

## వంద నుంచి 125 సీసీ బైకు

ఇంట్లో ఎక్కువమందికి ఉండేది ఇదే, తక్కువగా అంచనా వేసేదీ దీన్నే. లీటరుకి 55 ఇచ్చినా 2,700 కిలోమీటర్లకి 49 లీటర్లు. లీటరు 105 చొప్పున 5,150 రూపాయలు. పైగా జాతీయ రహదారుల మీద బైకులకి టోల్ లేదు. 2025 జూన్‌లో బైకులకీ టోల్ పెడుతున్నారని వాట్సాప్‌లో తెగ తిరిగింది గానీ, అది నిజం కాదని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీయే చెప్పారు. టోల్ గేటు ఎడమ చివర బైకులకి సన్నటి దారి ఉంటుంది, అందులోంచి వెళ్ళిపోవడమే.

దీని అసలు బలం వేరే ఉంది. ఎక్కడ చెడిపోయినా బాగుచేసేవాడు దొరుకుతాడు. గుత్తి దగ్గర నాకు క్లచ్ వైరు తెగింది. తోసుకుంటూ వెళ్ళింది అర కిలోమీటరు కూడా లేదు. షెడ్డులో అబ్బాయి "ఒక్కనివే పోతాండావా, అన్నా?" అని అడుగుతూనే పాత వైరు లాగేసి, గోడకి వేలాడుతున్న కొత్తది తీసి వేశాడు. పావుగంట పని. అదే పెద్ద బండి అయితే ఆ వైరు కోసం అనంతపురం దాకా వెతకాల్సి వచ్చేది.

బలహీనత ఏమిటంటే వేగం. 60, 65 మీద సుఖంగా పోతుంది. 80 దాటిస్తే హ్యాండిల్ వణుకుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. పక్కనుంచి బస్సు దాటితే గాలి నెట్టేస్తుంది. రోజుకి 300 కిలోమీటర్లు పెట్టుకోండి, రోడ్డు బాగుందని 350 దాకా లాగొచ్చు. నా మజిలీలు ఇలా ఉన్నాయి: మొదటి రాత్రి అనంతపురం, రెండో రాత్రి కృష్ణగిరి, మూడో రాత్రి దిండిగల్, నాలుగో రోజు సాయంత్రానికి కన్యాకుమారి. అక్కడ రెండు రాత్రులు. తిరుగు దారిలో మళ్ళీ మూడు. మొత్తం ఎనిమిది రాత్రులు, తొమ్మిది రోజులు.

గాలి సంగతి ఇంకొంచెం చెప్పాలి. తిరునెల్వేలి దాటి నాగర్‌కోయిల్ వైపు వెళ్తుంటే ఆరల్వాయ్‌మొళి కనుమ వస్తుంది. రెండు వైపులా కొండలు, మధ్యలో గాలి దూసుకొచ్చే సందు. ముప్పందల్ దగ్గర కనుచూపు మేరా గాలిమరలు ఎందుకున్నాయో అక్కడ బండి నడిపితే తెలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి జోరుగా ఉంటుంది. తేలిక బండి పక్క లేనులోకి జరిగిపోతుంది. ఆ నెలల్లో చిన్న బండి మీద వెళ్తే అక్కడ 40కి తగ్గించి, ఎడమ లేనులోనే, లారీని దాటే ప్రయత్నం చేయకుండా పోవాలి. లారీ చాటు నుంచి బయటికి రాగానే ఒక్కసారిగా గాలి కొడుతుంది. అక్కడే ఎక్కువమంది తడబడతారు.

## 350 సీసీ బండి

గాలిలో నిలకడ, 80 మీద హాయి, రోజుకి 400 దాటి వెళ్ళే సత్తా. మజిలీలు అనంతపురం, సేలం, మూడో రోజు కన్యాకుమారి. ఆ మూడో రోజు 480 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. మొత్తం ఆరు రాత్రులు, ఏడు రోజులు. చిన్న బైకు కన్నా రెండు రోజులు తక్కువ.

లీటరుకి 32 చొప్పున 84 లీటర్లు, 8,860 రూపాయలు. పెట్రోలు మీద 3,700 ఎక్కువ పెట్టినా, రెండు రాత్రుల రూము, రెండు రోజుల తిండి మిగులుతాయి. అందుకే మొత్తంలో తేడా రెండు వేలకి కాస్త పైన తేలుతుంది. రోజు కూలీ లెక్కన సంపాదించేవాళ్ళకి, సొంత పని చేసుకునేవాళ్ళకి ఆ రెండు రోజుల ఆదాయం కూడా కలిపితే బుల్లెట్టే చవక కావచ్చు. నెల జీతం, సెలవులు మిగిలి ఉన్నవాళ్ళకి చిన్న బండి చవక. ఈ ఒక్క లెక్క మైలేజీ చూసి నిర్ణయించేవాళ్ళకి కనబడదు.

ఇబ్బందులు రెండు. బరువు గురించి చెప్పాను. రెండోది టైర్లు. ట్యూబ్ ఉన్న టైరు అయితే వెనక చక్రం విప్పడం, ఎక్కించడం మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వెళ్ళే ముందు మీ బండికి ట్యూబ్‌లెస్ ఉందో లేదో చూసుకోండి. ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు సీటు కింద ఉంటే చాలు. చైనుకి మాత్రం ప్రతి 500 కిలోమీటర్లకి ఆయిల్ స్ప్రే కొట్టాలి, ఇది ఏ బైకుకైనా.

## చిన్న కారు

ఒంటరిగా, తక్కువ ఖర్చుతో అన్నప్పుడు కారు పేరెత్తితే నవ్వుతారు. నేను మాత్రం దీన్ని పూర్తిగా కొట్టెయ్యను.

ముందు ఖర్చు. లీటరుకి 18 చొప్పున 150 లీటర్లు, 15,750. దాని మీద టోల్. హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి ఒకవైపే ఇరవై దాకా గేట్లు తగులుతాయి. రానూపోనూ 3,500 దగ్గర పడుతుంది. ఇక్కడ ఫాస్టాగ్ వార్షిక పాసు పనికొస్తుంది. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000, సొంత కార్లకి ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఈ ఒక్క ప్రయాణంలోనే దాదాపు డబ్బులు వచ్చేస్తాయి, మిగిలిన ఏడాదంతా లాభమే. కానీ అది జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది. బెంగళూరు చుట్టూ ఉన్న నైస్ రోడ్డు లాంటివాటికి విడిగా కట్టాలి. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ చూసుకోకుండా వెళ్తే గేటు దగ్గర ఎక్కువ కట్టాల్సి వస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

రాత్రులు ఐదు సరిపోతాయి. వెళ్ళేటప్పుడు రెండు రోజులు, మధ్యలో హోసూరులో ఒక రాత్రి. వచ్చేటప్పుడు మూడు రోజులు తీసుకోండి. వెళ్ళేటప్పుడు ఉన్న ఉత్సాహం వచ్చేటప్పుడు ఉండదు. ఆరు వందల కిలోమీటర్లు ఒక్కరే నడపడం అంటే పదకొండు గంటలు స్టీరింగ్ వెనక కూర్చోవడం. రెండు రోజులు వరుసగా చేయొచ్చు, మూడో రోజు చేయకూడదు.

కారు ఎవరికి? వానలో వెళ్ళక తప్పనివాళ్ళకి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి. యాభై దాటినవాళ్ళకి. కెమెరా, ల్యాప్‌టాప్ లాంటి సామాను ఉండి, గుడి ముందు ఆగినప్పుడు వాటిని లోపల పెట్టి తాళం వేయాలనుకునేవాళ్ళకి. బైకు మీద అలంపురంలో ఆగినప్పుడు నేను గుడి లోపల ఉన్నంతసేపూ మనసు బయట బండి మీద కట్టిన బ్యాగు దగ్గరే ఉంది. కారులో ఆ టెన్షన్ లేదు. సీఎన్జీ కారు ఉంటే ఇంధనం ఖర్చు బాగా తగ్గుతుంది, అయితే బంకుల దగ్గర క్యూలో గంటలు పోవచ్చు. ఆ టైము కూడా లెక్కలో వేసుకోండి.

## బస్సులు మారుతూ

బండి నడపడం రానివాళ్ళు, నడపడం ఇష్టం లేనివాళ్ళు రోడ్డు ప్రయాణం తమది కాదనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై, నాగర్‌కోయిల్, ఇలా బస్టాండు నుంచి బస్టాండుకి మారుతూ వెళ్ళొచ్చు. తమిళనాడు ప్రభుత్వ బస్సుల్లో మామూలు సర్వీసు టికెట్టు కిలోమీటరుకి రూపాయి లోపే. మదురై మాట్టుతావణి బస్టాండులో కన్యాకుమారి వైపు, తిరునెల్వేలి వైపు బస్సులు పగలూ రాత్రీ ఉంటాయి. బోర్డులు తమిళంలో ఉంటాయని భయపడకండి. ఊరి పేరు చెప్పి అడిగితే కండక్టర్లే చేయి పట్టుకున్నట్టు చూపిస్తారు.

ఆడవాళ్ళకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. తెలంగాణ మహిళలకి 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల టికెట్టు డబ్బులు లేవు. అంటే అలంపూర్ చౌరస్తా దాకా ఖర్చు సున్నా. ఆంధ్రా మహిళలకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది, కర్నూలు నుంచి అనంతపురం వైపు వాళ్ళ రాష్ట్రం లోపల తిరిగే ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే టికెట్టు డబ్బులు ఉండవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

ఒకటి రెండు రాత్రులు బస్సులోనే గడిస్తే ఆ మేరకు రూము ఖర్చు కూడా తప్పుతుంది. వరుసగా రెండు రాత్రులు మాత్రం వద్దు, మర్నాడంతా తూగుతూ ఏ గుడీ చూడలేరు. పోయేది స్వేచ్ఛ. లేపాక్షి వెళ్ళాలంటే హిందూపురంలో దిగి మళ్ళీ ఇంకో బస్సు పట్టుకోవాలి, ఒక పూట పోతుంది.

## వెళ్ళేటప్పుడు బైకు, వచ్చేటప్పుడు రైలు

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇది, ఎక్కువమందికి తట్టనిది కూడా. చిన్న బైకు మీద నాలుగు రోజులు నింపాదిగా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు బైకుని రైల్లో వేసేయడం. చూసిన రోడ్డే మళ్ళీ చూస్తూ నాలుగు రోజులు తిరిగి రావడంలో కొత్తదనం ఏమీ ఉండదు. ప్రమాదాలు కూడా తిరుగు దారిలో, ఇల్లు గుర్తొచ్చి తొందరపడ్డప్పుడే ఎక్కువ భయపెడతాయి.

పద్ధతి ఇలా ఉంటుంది. మీకు టికెట్టు ఉన్న రైల్లోనే బండిని లగేజీగా బుక్ చేయొచ్చు, లేదా విడిగా పార్శిల్‌గా పంపొచ్చు. ఆర్‌సీ, గుర్తింపు కార్డుల జిరాక్స్ కావాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, అందుకని స్టేషన్ చేరేసరికి ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేలా చూసుకోండి. గోనెసంచి, అట్టలతో ప్యాకింగ్ చేసేవాళ్ళు పార్శిల్ ఆఫీసు బయటే ఉంటారు. అద్దాలు విప్పి మీ బ్యాగులో పెట్టుకోండి. హెడ్‌లైటుకి రెండు పొరలు ఎక్కువ చుట్టించండి, అడగకపోతే ఒకటే చుడతారు. రైలు ఎక్కువసేపు ఆగే స్టేషన్లలోనే బండి ఎక్కిస్తారు, దింపుతారు. నాగర్‌కోయిల్ నుంచి కాచిగూడకి నేరుగా వచ్చే రైలు వారానికి ఒక్కసారే. కాబట్టి ముందు ఆ రైలు తేదీ ఖరారు చేసుకుని, వెనక్కి లెక్కేసుకుని ఇంట్లోంచి బయల్దేరండి. సీటు దొరకకపోతే మదురై దాకా వెనక్కి వచ్చి అక్కడ ప్రయత్నించండి.

బండి చార్జీ బరువుని బట్టి, దూరాన్ని బట్టి. ప్యాకింగ్, కూలీతో కలిపి చిన్న బైకుకి మూడు వేలు పక్కన పెట్టుకోండి. 112 కిలోల బండికి అయ్యేదానికీ, 195 కిలోల బండికి అయ్యేదానికీ తేడా ఉంటుంది.

## ఒక్కచోట చూస్తే

రూము రోజుకి 800, తిండి రోజుకి 400 చొప్పున నేను వేసిన లెక్క ఇది. మీ అలవాట్లని బట్టి అంకెలు మారతాయి, వరస మాత్రం పెద్దగా మారదు.

| | రోజులు | రూములో రాత్రులు | పెట్రోలు లేదా టికెట్లు | రూము | తిండి | ఇతరాలు | మొత్తం |
|---|---|---|---|---|---|---|---|
| బస్సులు | 8 | 5 | 3,600 | 4,000 | 3,200 | ఆటోలు 1,200 | 12,000 |
| బైకు + రైలు | 7 | 5 | 2,750 + 700 | 4,000 | 2,800 | పార్శిల్ 3,000, సర్వీసింగ్ 600 | 13,850 |
| చిన్న బైకు రానూపోనూ | 9 | 8 | 5,150 | 6,400 | 3,600 | సర్వీసింగ్ 1,200 | 16,350 |
| 350 సీసీ | 7 | 6 | 8,860 | 4,800 | 2,800 | సర్వీసింగ్ 2,000 | 18,460 |
| చిన్న కారు | 6 | 5 | 15,750 | 4,000 | 2,400 | టోల్ 3,500, సర్వీసింగ్ 1,500 | 27,150 |

చిన్న బైకు వరస చూడండి. పెట్రోలుకి 5,150 అయితే, రూముకీ తిండికీ కలిపి పది వేలు. ఆ బండి మీద ఖర్చు తగ్గించాలంటే మైలేజీ పెంచే చిట్కాల కోసం వెతకడం కన్నా, దారిలో చుట్టాలో స్నేహితులో ఉన్న ఒక ఊరిని మజిలీగా పెట్టుకోవడం మేలు. బెంగళూరులో, హోసూరులో మనవాళ్ళు లేని కుటుంబం ఎక్కడుంది? రెండు రాత్రులు అలా గడిస్తే 1,600 మిగిలినట్టే, ఇంటి భోజనం అదనం. కన్యాకుమారిలో వివేకానంద కేంద్రం వాళ్ళ వివేకానందపురంలో డార్మిటరీ, గదులు ఉంటాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, నేను మొదట చెప్పే చోటు అదే. ముందే బుక్ చేసుకోవాలి.

అద్దె బైకు ఈ పట్టికలో లేదు. కావాలనే వదిలేశాను. రోజు అద్దె, డిపాజిట్, రోజుకి ఇన్ని కిలోమీటర్లనే పరిమితి, దాటితే అదనపు చార్జీ, వేరే రాష్ట్రంలోకి వెళ్తే పర్మిట్ గొడవ. ఏడు రోజులకి అవన్నీ కలిపితే కారు ఖర్చుని చేరిపోతుంది. అద్దె బండి కావాలంటే రైల్లో వెళ్ళి, నాగర్‌కోయిల్‌లోనో మదురైలోనో ఒకటి రెండు రోజులకి స్కూటర్ తీసుకోండి.

## ఎవరికి ఏది

ఇరవై ఐదు లోపు, మొదటిసారి, ఇంట్లో వంద సీసీ బండి ఉందంటే వేరే ఆలోచన లేకుండా బైకు ప్లస్ రైలు. ఇంట్లోవాళ్ళని ఒప్పించడం కూడా తేలిక. "వచ్చేటప్పుడు రైల్లో వస్తాను" అన్న ఒక్క మాటకి అమ్మలకి సగం భయం తగ్గుతుంది.

సెలవు వారమే ఉండి, 350 బండి ఇప్పటికే ఉండి, దాన్ని ఒక్కరే లేపగలిగితే అది తీసుకోండి. లేపగలరో లేదో ఊహించుకోకండి. ఇంటి ముందు మెత్తటి నేల మీద ఎవరినైనా పక్కన పెట్టుకుని, బ్యాగు కట్టి, మెల్లగా పడుకోబెట్టి లేపి చూడండి. వీపు బండికి ఆనించి, హ్యాండిల్ ఒక చేత్తో, వెనక రైల్ ఒక చేత్తో పట్టుకుని, కాళ్ళ బలంతో వెనక్కి నడిచినట్టు నెడితే లేస్తుంది. ఈ కిటుకు పెనుకొండలో నాకు తెలియదు.

ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి బస్సు గానీ, కారు గానీ అని అందరూ చెప్తారు. నేను అలా చెప్పను. రోజూ బండి నడిపే అమ్మాయికి బైకే సౌకర్యం. చీకటి పడేలోపు ఊరు చేరడం, రూము ముందే ఫోన్లో మాట్లాడి పెట్టుకోవడం, రోజూ రెండుసార్లు ఇంటికి లొకేషన్ పంపడం, ఈ మూడూ మగవాళ్ళూ చేయాల్సినవే.

## ఏ బండైనా తప్పనివి

రాత్రి నడపొద్దు. ఇందులో రాజీ లేదు. హైవే మీద లైట్లు లేకుండా ఆగిపోయిన లారీలు, ఎదురు దారిలో వచ్చే ట్రాక్టర్లు చీకట్లో కనబడవు. తెల్లారి ఐదింటికి బయల్దేరి, సాయంత్రం ఐదుకి ఆపేయండి.

ధర్మపురి దాటి సేలం వైపు దిగేటప్పుడు తొప్పూరు ఘాట్ వస్తుంది. వాలు ఎక్కువ. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగే లారీలకి బ్రేకులు పనిచేయక జరిగిన ప్రమాదాలు అక్కడ ఎన్నో. మీరు గేరులోనే దిగండి, అద్దంలో వెనక వచ్చే లారీని చూస్తూ ఉండండి. మీ ముందున్న బండి కన్నా వెనకున్న బండే అక్కడ ముఖ్యం.

బెంగళూరు నగరంలోకి వెళ్ళకండి. పొద్దున ఎనిమిది తర్వాత హెబ్బాళ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాటేసరికి రెండు మూడు గంటలు, సగం రోజు ఓపిక పోతాయి. దేవనహళ్ళి దగ్గర ఎడమకి తిరిగి హోస్కోటె, మాలూరు మీదుగా హోసూరు చేరితే దూరం కొంచెం పెరిగినా మనసు బాగుంటుంది.

పెట్రోలు కొన్నేళ్ళుగా తెలంగాణ, ఆంధ్రాల కన్నా కర్ణాటక, తమిళనాడుల్లో లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ. అనంతపురంలో ట్యాంకు నింపకుండా, బాగేపల్లి చేరేదాకా సరిపడా పోయించుకుని, అక్కడ నింపండి. కారుకి ఈ చిన్న జాగ్రత్తతో ఒక పూట భోజనం వచ్చేస్తుంది.

నెలల్లో జనవరి చివర, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణ తమిళనాడుకి ఈశాన్య రుతుపవనాల వానలు. 2023 డిసెంబరులో తిరునెల్వేలి, తూత్తుకుడి జిల్లాలు ఎలా మునిగాయో టీవీల్లో చూశాం. సంక్రాంతి వారం కూడా వద్దు, రోడ్లూ రూములూ రెండూ దొరకవు.

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. ఫోను ఛార్జింగ్ అయిపోతే చెల్లవు కాబట్టి జిరాక్సులు ఒక సెట్టు సీటు కింద పెట్టండి. హైవే మీద బండి ఆగిపోతే 1033, ఏ ఆపదకైనా 112.

## నిర్ణయించే ముందు ఒక రాత్రి

ఇంత చదివాక కూడా ఏది ఎంచుకోవాలో తేలకపోతే, ఒక శనివారం మీ దగ్గరున్న బండి మీద కర్నూలు వెళ్ళండి. హైదరాబాద్ నుంచి 215 కిలోమీటర్లు, దారిలో అలంపురం. తీసుకెళ్ళాలనుకున్న సామాను మొత్తం కట్టుకునే వెళ్ళండి, తగ్గించకండి. రాత్రి 800 లోపు రూములో పడుకోండి. ఆదివారం పొద్దున లేచాక నడుం ఎలా ఉంది, మళ్ళీ బండి ఎక్కబుద్ధవుతోందా, కట్టిన బ్యాగులో ఎన్ని వస్తువులు అసలు బయటికి తీయలేదు, ఈ మూడూ చూసుకోండి. బండి ఎక్కబుద్ధయితే కొండారెడ్డి బురుజు దగ్గర టిఫిన్ చేసి ఇంటికొచ్చి రైలు తేదీ వెతకండి. నడుం పట్టేస్తే బండిని అక్కడే నిందించకండి, ముందు హ్యాండిల్ ఎత్తు, సీటు మార్పించి ఇంకో శనివారం చూడండి. రెండోసారీ అలాగే ఉంటే ఆ పట్టికలో మొదటి వరస, బస్సు, మీదే.